నకరికల్లు బస్సూ, మా కాలేజీ గేటూ

మా మేనల్లుడు ఈమధ్య ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. చేరిన వారానికే మొహం వేలాడేసుకుని వచ్చి, "ఏంది మామయ్యా, ఎప్పుడు చూసినా ఫైళ్లేనా ఈ ఉద్యోగం?" అన్నాడు. "ఫైళ్లు కాదురా, పిల్లలు" అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడికోసం, వాడిలాంటి వాళ్లకోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి నాకూ నా భార్యకూ తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఆమెకు కూడా అంతంతమాత్రమే.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీ ఆఫీసుకు మేనేజరుగా పనిచేశాను. కాలేజీ అనగానే ఇప్పటి మేడలు ఊహించుకోకండి. అవి యుద్ధం రోజులు. ఇంటర్మీడియట్ ఒక్కటే ఉండేది. నాలుగు పెంకుటిగదులు, ఒక తాటాకు పాక, చుట్టూ ముళ్లకంప, ముందుమాత్రం ఇనపగేటు. ఆ గేటు మీద మా కమిటీ వాళ్లకున్న మోజు లైబ్రరీ మీద ఉంటే ఊరు ఎప్పుడో బాగుపడేది.

కాఫీ వేళ

నేను చేరినప్పుడు ఆఫీసు కిటికీ క్లాసులు జరిగేటప్పుడు తెరిచి, ఇంటర్వెల్లో మూసేవారు. ఎందుకంటే గుమాస్తాలు కాఫీకి వెళ్లేది కూడా ఇంటర్వెల్లోనే. సర్టిఫికెట్ కావలసిన పిల్లవాడు క్లాసు ఎగ్గొట్టి రావాలి. క్లాసు ఎందుకు ఎగ్గొట్టావని మళ్లీ మేమే జుల్మానా వెయ్యాలి! ఇంత చక్కటి ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ, ఎవరికీ తప్పుగా తోచలేదు.

మా పెద్దగుమాస్తా శేషయ్యగారు తాలూకా కచ్చేరీలో పనిచేసి వచ్చినాయన. కాఫీ ముందుగా తాగేసి ఇంటర్వెల్లో కిటికీ తెరుద్దామని నేనంటే ఆయనకు కోపం వచ్చింది.

"కచ్చేరీలో ఏనాడూ ఇట్టా లేదు. జనం మనకోసం కనిపెట్టుకోవాల గానీ మనం జనం కోసం కాఫీ మానుకుంటామా?"

"కచ్చేరీకి వచ్చేవాడు పొద్దుగూకిందాకా అరుగు మీద కూర్చుంటాడు శేషయ్యగారూ. ఈడికొచ్చేవాడికి గంట కొడతారు" అన్నాను.

ఆయన నాతో చానా రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయాడు, కాఫీ మాత్రం ముందే తాగాడు. ఈ ఉద్యోగంలో నేను మొట్టమొదట సాధించింది అది. చిన్నదే. కానీ అప్పుడే ఒక మాట మనసులో పడింది. కాలేజీలో ఏ చిక్కు వచ్చినా పిల్లవాడి సోమరితనం అనుకోవడం చాలా సులువు. అసలు చిక్కు సాధారణంగా మన వైపే, మన కుర్చీ కిందే ఉంటుంది. దీనికి పెద్ద రుజువు నకరికల్లు బస్సు.

ప్రెసిడెంటుగారి గేటు

మా కమిటీ ప్రెసిడెంటు వెంకట్రామయ్యగారు. నకరికల్లు అవతల ఒక పల్లెలో పెద్ద మోతుబరి. కాలేజీకి స్థలం ఇచ్చింది ఆయన. పేదపిల్లలకు ఫీజులు కట్టేదీ ఆయనే. మంచివాడు. మంచివాడేగానీ నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది, తాను చెప్పిందే వేదం. మా పల్నాడులో దావా లేని మోతుబరి ఉంటే చెప్పండి, వెళ్లి దణ్ణం పెట్టుకొస్తాను. ఈయనకు తాతల నాటి పొలం దావా ఒకటి ఉండేది. దానికోసం పనిరోజుల్లో ఇంచుమించు ప్రతి పొద్దూ నరసరావుపేట కోర్టుకు వచ్చేవాడు. కారు ఉంది, పెట్రోలు కోటా లేదు. అందుకని కారును గడ్డివాము పక్కన కొట్టంలో పెట్టి, అందరితోపాటు బొగ్గుబస్సెక్కి వచ్చేవాడు.

బొగ్గుబస్సు చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. పెట్రోలు లేని కాలంలో బస్సు వెనక ఇనప పీపా తగిలించి, అందులో బొగ్గు మండించి, ఆ గ్యాసుతో నడిపేవాళ్లు. క్లీనరు ఒక చక్రం పట్టుకుని గిరగిరా తిప్పితే నిప్పు రాజుకునేది. ఎత్తు వస్తే దిగి తొయ్యాలి.

ఆయనే ఒక మీటింగులో బల్ల గుద్ది చెప్పాడు. "గంట కొట్టంగనే గేటెయ్యాల. లేటుగా వచ్చినోడు రెండో గంట దాకా బయటే నిలబడాల. నేను రోజూ పల్లె నుంచి వస్తన్నా. ఒక్కనాడన్నా లేటయ్యానా? ఈ ఎదవలకేం రోగం?"

మా ప్రిన్సిపాలు రాఘవాచారిగారు గోదావరి జిల్లా మనిషి, గొప్ప పండితుడు, క్రమశిక్షణ అంటే ప్రాణం. "తమరు సెలవిచ్చినట్టే చేద్దామండీ" అన్నారు. మర్నాటి నుంచి గేటు పడింది. మా జవాను యోహాను రెంటచింతల వాడు, చర్చిగంట వింటూ పెరిగినవాడు. గంట మోగడం, గేటు పడడం వాడి చేతిలో ఒకటే పని అయింది. మొదటి పీరియడు పోతే ఆ పూట హాజరు పోయినట్టే.

మస్తాను

సంక్రాంతి సెలవులు అయ్యాక ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచి, "సీనియర్ ఇంటర్లో మస్తాను అనే కుర్రవాడికి హాజరు చాలదండీ. మార్చిలో పరీక్షకు పంపడం కుదరదు. ఒక ఏడాది ఆగాల్సిందే" అన్నారు.

మస్తాను నాకు తెలుసు. నకరికల్లు కుర్రాడు. వాళ్ల నాన్న కరీము ఊళ్లు తిరిగి గిన్నెలకు కళాయి వేస్తాడు. ఆ ఇంట్లో హైస్కూలు దాటినవాడు వీడొక్కడే. ఫీజు కట్టింది వెంకట్రామయ్యగారు. వీడు లెక్కల్లో దిట్ట. ఏడాది ఆగడమంటే మాటలా? ఆగితే వాణ్ణి కొలిమి దగ్గర కూర్చోబెట్టేస్తారు. కరీము అప్పటికే ఒకసారి వచ్చి, "ఈ ఏడుతో అయిపోద్ది గందా అయ్యా? నా కళ్లు పొగకి మసకేస్తన్నయ్" అని అడిగి వెళ్లాడు.

మస్తానును పిలిచాను.

"ఏరా, రోజూ లేటేందిరా నువ్వు?"

"బస్సు లేటండి సార్."

"బస్సెందుకు లేటు?"

వాడు నేలచూపులు చూశాడు. "బొగ్గు అంటుకోదండి."

"రోజూ అంటుకోదా?"

వాడు పుస్తకాలు సర్దుకుని క్లాసుకు వెళ్లిపోయాడు. ఆ బస్సులో వచ్చే జూనియర్ పిల్లలను అడిగాను. అందరూ బొగ్గు మాటే చెప్పారు, అందరూ నేలే చూశారు. మస్తాను తోటి సీనియర్లలో డబ్బున్నవాళ్లు నరసరావుపేటలోనే గదులు తీసుకుని తప్పించుకున్నారట. మస్తానుకు ఆ దారి లేదు. మా ఆఫీసులో అందరూ, "పిల్లలు అబద్ధాలాడుతున్నారు" అన్నారు. అబద్ధమే. ఎవరికోసం ఆడుతున్నారో ఎవరూ అడగలేదు.

నేను మొండివాణ్ణి. మా ఆవిడ వాళ్ల పెదనాన్న ఊరు ఆ దారిలోనే, వెంకట్రామయ్యగారి పల్లెకు అవతల. ఒక ఆదివారం వెళ్లి అక్కడే ఉండి, సోమవారం పొద్దున్నే ఆ బస్సెక్కాను.

బొగ్గుబస్సు

డ్రైవరు కోటయ్య నన్ను చూసి నవ్వాడు. బస్సు చక్కగా వేళకే బయలుదేరింది. బొగ్గు చక్కగా అంటుకుంది. ఎవర్నీ తొయ్యమనలేదు కూడా. ఇంత చక్కటి బస్సుకు ఏం రోగం వచ్చిందబ్బా అనుకుంటూ కూర్చున్నాను.

వెంకట్రామయ్యగారి పల్లె వచ్చింది. చావిడి ముందు బస్సు ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. బస్సు కదలదు. క్లీనరు దిగి ఒక వీధిలోకి పరిగెత్తి, తిరిగి వచ్చి, "అయ్య నీళ్లోసుకుంటన్నాడు" అన్నాడు. కోటయ్య బీడీ ముట్టించాడు. క్లీనరు నిప్పు ఆరిపోకుండా చక్రం తిప్పుతూనే ఉన్నాడు. కొంతసేపటికి మళ్లీ పరిగెత్తి వచ్చి, "అన్నానికి కూర్చున్నాడు" అన్నాడు. బస్సంతా బుద్ధిగా కూర్చుని ఉంది, ఒక్కరూ కిక్కురుమనరు. పెరుగు కుండతో కూర్చున్న ఒక ముసలమ్మ మాత్రం, "పెళ్లికొడుకు ముస్తాబు ఇంకా కాలేదంటనా?" అని గొణిగింది. పక్కావిడ ఆమె మోకాలు నొక్కింది.

నేను కోటయ్య దగ్గరికి వెళ్లాను. "ఆపమన్నారా ఆయన?"

"అయ్యబాబోయ్, ఆయనెందుకంటాడు? అయ్య ఎక్కకుండా బండి కదిలిద్దా? మర్యాద అక్కర్లా?"

"రోజూ ఇంతేనా?"

"అయ్య కారు కొట్టంలో పెట్టిన కాడ్నుంచీ ఇంతే."

వెంకట్రామయ్యగారు వచ్చాడు. తెల్లటి పంచె, భుజాన కండువా, తాంబూలంతో నిండిన నోరు. ముందు సీట్లో కూర్చుని, జేబుగడియారం తీసి చూసి, "టయానికే ఉన్నావురా కోటయ్యా!" అన్నాడు. బస్సు కదిలింది. వెనక్కి తిరిగితే నేను కనపడ్డాను.

"ఏమయ్యా మేనేజరూ, ఇట్టొచ్చావేంది? చుట్టాలా? చూశావా ఈ బండి? నేనెక్కంగనే కదులుద్ది. టయమంటే టయం!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మహానుభావుడు నిజంగానే నమ్ముతున్నాడు! బస్సు తనకోసం ఆగుతోందని ఆయనకు ఎవరు చెప్పారు గనక? ఆయన వచ్చేసరికి బస్సు ఉంటుంది, ఎక్కగానే కదులుతుంది. కోర్టు ముందు దిగుతాడు. కోర్టు మా కాలేజీ కన్నా ఆలస్యంగా మొదలవుతుంది, కాలేజీ ఊరికి ఆ చివర. మూసిన గేటు ఆయన కంటపడే దారే లేదు.

నకరికల్లులో మస్తాను ఎక్కాడు. ప్రెసిడెంటుగారికి సలాం చేసి వెనక నిలబడ్డాడు.

"ఏరా మస్తానూ, బాగా చదువుతన్నావా? లేటు గీటు కాబాక. గేటెయ్యమని చెప్పింది నేనే!"

"అట్టాగేనండి" అన్నాడు మస్తాను.

బస్సు దిగాక కాలేజీ వైపు ఇద్దరం పరుగులాంటి నడక నడిచాం. గేటు మూసే ఉంది. నన్ను చూసి యోహాను తియ్యబోయాడు, వద్దన్నాను. అప్పుడు మస్తానును అడిగాను, "ఎందుకు చెప్పలేదురా?"

"ఆయన ఫీజు కడితే చదువుతన్నా. ఆయన వల్లే లేటయ్యానని ఏ నోటితో చెప్పను సార్?"

అంత మర్యాద తెలిసిన పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టి మేం క్రమశిక్షణ నేర్పుతున్నాం!

మీటింగు

ఆ వారంలోనే కమిటీ మీటింగు. నా పని మూల కూర్చుని మాట్లాడినవి రాసుకోవడం. మాట్లాడే హక్కు లేదు. ప్రిన్సిపాలుగారు హాజరు చాలనివాళ్ల సంగతి ఎత్తి, మస్తాను పేరు చెప్పారు.

వెంకట్రామయ్యగారి మొహం ఎర్రబడింది. "నేను ఫీజు కట్టినోడే ఇట్టా చేశాడా? నా మొహం చూసి వదలబాకండి. రూలు రూలే. పంపొద్దు."

పక్షపాతం లేదనిపించుకోవాలని ఇంకాస్త గట్టిగా అన్నాడు. అదీ ఆయన మంచితనమే. ఆ మంచితనం కింద పిల్లవాడు నలిగిపోతున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. శేషయ్యగారు తలుపు సందులోంచి 'కూర్చో' అని సైగ చేశాడు.

"అయ్యా, నకరికల్లు బస్సు రోజూ లేటు. అది మీ ఊళ్లో ఆగుద్ది. మీకోసం ఆగుద్ది" అన్నాను.

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "నాకోసమా? ఆపమని ఎవడితో అన్నా నేను?"

"మీరన్లేదండి. ఆపుతున్నామని మీతో ఎవరూ అన్లేదు. మీరు నీళ్లోసుకుని, అన్నం తిని వచ్చేదాకా క్లీనరు చక్రం తిప్పుతా కూర్చుంటాడు. నేను ఆ బస్సులోనే ఉండి చూశా."

"మరి ఆ కుర్రనాయాలు నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"మీ ఉప్పు తింటన్నాడండి."

ఆయన కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. ప్రిన్సిపాలుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత పని చేశారండీ! మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నారా?" అన్నారు.

ఆలోచించుకోలేదు. ఇంటికి వెళ్లి చెబితే మా ఆవిడ, "నోట్లో నువ్వుగింజ నానదు కదా మీకు! ఇప్పుడు ఏ కాలేజీ ఉంది మనకి?" అంది. తర్వాత కాసేపటికి, "ఆ కుర్రాడికి పరీక్ష ఉంటదా?" అని అడిగింది. తెలియదన్నాను. "అదన్నా తేల్చుకుని రావాల్సింది" అని కోప్పడింది. అలాంటి ఇల్లాలు ఉంటే మగవాడు ఎవరి ముందైనా లేచి నిలబడగలడు.

మిరపకాయల లారీ

మర్నాడు పొద్దున నేను ఆఫీసు తాళం తీస్తుంటే గేటు దగ్గర కలకలం వినపడింది. నకరికల్లు బస్సు పిల్లలు! ఇంకా గంట కొట్టలేదు. మస్తాను అందరికన్నా ముందున్నాడు. వాడి మొహం చూడాలి, పోటీలో గెలిచిన కోడెదూడలా ఉంది.

"ప్రెసిడెంటుగారు రాలేదా?" అన్నాను.

"ఎక్కలేదు సార్. కోటయ్య ఒక్కసారి హారను కొట్టి లాగించేశాడు. నిన్న సాయంత్రం ఆయనే చెప్పాడంట, ఎవరికోసం ఆపినా తోలు తీస్తానని."

గంట కొట్టారు. గేటు పడింది. కొద్దిసేపటికి యోహాను పరిగెత్తుకొచ్చాడు. "అయ్యా, ప్రెసిడెంటుగారు గేటు బయట ఉన్నారు. తీస్తానంటే తియ్యబాక అంటన్నారు!"

వెళ్లి చూద్దును కదా, ఆయన పంచె మిరపకాయరంగులో ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముక్కు కారుతోంది. బస్సు తప్పిపోతే గుంటూరు వెళ్లే మిరపకాయల లారీ ఆపి, బస్తాల మీద కూర్చుని వచ్చాడట. కోర్టు దగ్గర దిగకుండా తిన్నగా ఇటే వచ్చాడు. పక్కన ఆలస్యంగా వచ్చిన ఇద్దరు పిల్లలు బెదిరిపోయి నిలబడి ఉన్నారు.

"అయ్యా, లోపలికి రండి" అన్నాను.

"గంటయిందిగా." అంటూనే పెద్దగా తుమ్మాడు. "పొద్దున అన్నం ముందు కూర్చున్నా, హారను ఇనపడింది. నాకోసం ఆగుద్దిలే అనుకున్నా. చూడవయ్యా, నేనే వద్దని చెప్పి, నేనే అనుకున్నా! లేచొచ్చేసరికి దుమ్ము కనపడింది." మళ్లీ తుమ్మాడు. "మస్తాను లోపలున్నాడా?"

"ఉన్నాడండి. మొదటి పీరియడులోనే."

తల ఊపాడు. ఎండ ఎక్కుతోంది. ఆయన అటూ ఇటూ చూసి, "ఈడ నిలబడ్డోళ్లకి నీడ లేదేంది? తాగను నీళ్లన్నా లేవే! ఎవడు పెట్టాడయ్యా ఈ రూలు?" అన్నాడు.

యోహాను ఆకాశం వంక చూశాడు. పిల్లలిద్దరూ పెదవులు బిగపట్టారు.

"నేనేగా!" అని ఆయనే పకపకా నవ్వాడు. నవ్వుతూ తుమ్మాడు. అప్పుడు పిల్లలు కూడా నవ్వారు.

అయినా లోపలికి రాలేదు. రెండో గంట దాకా వాళ్లతో పాటు ఎండలోనే నిలబడ్డాడు. ఆ పూట కోర్టులో ఆయన దావా పిలిచారు, పలికేవాడు లేడు. ఆ సంగతి తెలిసి తర్వాత నేను నొచ్చుకుంటే, "మా తాత నాటి దావా అది. రేపటికెక్కడికి పోద్ది?" అన్నాడు.

రెండో గంట కొట్టాక తిన్నగా ప్రిన్సిపాలుగారి గదికి వెళ్లాడు. "ఆ మస్తాను హాజరు తక్కువైనా పరీక్షకు తీసుకోమని యూనివర్సిటీకి మీరు రాయొచ్చంటగా? రాయండి."

"రాయవచ్చునండీ. కానీ తగిన కారణం చూపాలండీ. అనారోగ్యమని రాద్దామా?"

"రాయిలాగా ఉన్నాడు వాడు, అనారోగ్యమేంది? బస్సు లేటని రాయండి. బస్సు ఎవరి మూలంగా లేటయిందో అది కూడా రాయండి. కాలేజీ ప్రెసిడెంటని రాయండి. కింద నేను సంతకం పెడతా."

ప్రిన్సిపాలుగారి చేతిలో కలం ఆగిపోయింది. "అధ్యక్షులు తమరండీ..."

"నేనే! అందుకేగా రాయమంటంది."

ఆ తర్వాత

పది రోజుల్లో గేటు బయట పందిరి లేచింది, కింద నీళ్లకుండ వచ్చింది. మరుసటి ఏడాది నుంచి పల్లె బస్సుల వేళలు కనుక్కున్నాకే మేం మొదటి గంట వేళ పెట్టుకున్నాం. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఎన్నో చేశాను. పల్లెపిల్లలు అన్నం మూటలు విప్పుకుని కూర్చోవడానికి పాక వేయించాను, పాత పుస్తకాలు అద్దెకిచ్చే పద్ధతి పెట్టాను. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటారేమో. అవును, చెప్పుకుంటున్నాను. చేసినవాడు చెప్పుకోకపోతే చెయ్యనివాడు చెప్పుకుంటాడు.

మా మేనల్లుడికీ, మీకూ చెప్పేది ఇదే. పిల్లవాడు ఆలస్యంగా వస్తే వాడు వచ్చే బస్సెక్కి చూడండి. అక్కడ కనపడింది ఎంత పెద్దవాడి ముందైనా చెప్పండి. పెద్దవాడు చెడ్డవాడే కానక్కర్లేదు. చానాసార్లు ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు, అంతే.

యూనివర్సిటీ ఒప్పుకుంది. మార్చిలో పరీక్ష మొదటి రోజు పొద్దున్నే నేను గేటు దగ్గర నిలబడ్డాను. కళాయి పనికని ముందురోజే ఊళ్లోకి వచ్చిన కరీము కూడా పందిరి కింద ఉన్నాడు, మాసిన తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ. నకరికల్లు బస్సు ఆ రోజు కోర్టు దగ్గర ఆగలేదు. పొగ చిమ్ముకుంటూ తిన్నగా మా గేటు ముందుకే వచ్చి ఆగింది. వెనక నుంచి మస్తాను దిగి, తండ్రికి కనపడి, లోపలికి పరిగెత్తాడు. ముందు సీట్లోంచి వెంకట్రామయ్యగారు దిగాడు. జేబుగడియారం తీసి చూసుకున్నాడు. మా గంట ఇంకా మోగలేదు.

"టయానికే ఉన్నావురా కోటయ్యా" అన్నాడు.